పెద్ద వాల్వ్, టైటానియం వాల్వ్ కొంటే పవర్ వచ్చేస్తుందా?

షెవర్లే వీ8 ఇంజిన్లయిన స్మాల్ బ్లాక్ (పాత తరం), ఎల్‌ఎస్ (తర్వాతి తరం)లకు ఆఫ్టర్‌మార్కెట్ హెడ్లు, అంటే బయటి కంపెనీలు చేసిన, వాల్వ్‌లు కూర్చునే ఇంజిన్ పైభాగాలు, కట్టించుకునేవాళ్ల మధ్య ఒక సలహా విపరీతంగా తిరుగుతోంది. "హెడ్‌లో పట్టినంత పెద్ద ఇన్‌టేక్ వాల్వ్ వేయండి. డబ్బుంటే టైటానియం, లేకపోతే సోడియం నింపినవి తీసుకోండి. స్టెయిన్‌లెస్ అయితే ఎవరు చేసినా ఒకటే. పాతవి తీసి కొత్తవి పెట్టడమే పని" అన్నది దాని సారాంశం. (ఇన్‌టేక్ అంటే గాలి లోపలికి వచ్చే వాల్వ్, ఎగ్జాస్ట్ అంటే పొగ బయటికి పోయే వాల్వ్.) ఈ నాలుగు మాటల్లో ఏదీ ఉన్నది ఉన్నట్టు నిలవదు. నమ్మి ఖర్చుపెట్టినవాళ్లకు చివరికి మిగిలేది అరిగిన గైడు (వాల్వ్ కాడ జారే గొట్టం), లేదా తల ఊడి పిస్టన్ మీద పడిన వాల్వ్. అందుకే ఒక్కో మాటనూ లెక్కలతో చూద్దాం. అమెరికన్ మెషీన్ షాపులు అంగుళాల్లోనే మాట్లాడతాయి కాబట్టి కొలతలు దాదాపు అన్నీ అంగుళాల్లోనే ఇస్తున్నాం.

"పట్టినంత పెద్దది" అన్నప్పుడు, పట్టాల్సింది హెడ్‌లో కాదు, బోరులో, అంటే సిలిండర్ వ్యాసంలో. స్మాల్ బ్లాక్‌లో బాగా వాడే జత 2.02 ఇన్‌టేక్, 1.60 ఎగ్జాస్ట్. రెండూ కలిపితే 3.62. 350 (ఘనపు అంగుళాల) ఇంజిన్ బోరు 4.000, అంటే రెండు వాల్వ్‌ల నడుమ గోడకీ, రెండు పక్కల ఖాళీకీ కలిపి 0.380 మిగులుతుంది. అదే హెడ్‌ను 305 ఇంజిన్ మీద పెడితే బోరు 3.736 మాత్రమే, మిగిలేది 0.116. వాల్వ్ తెరుచుకున్నా దాని అంచుకు ఆనుకునే సిలిండర్ గోడ ఉంటుంది కాబట్టి ఆ వైపు గాలి దూరదు. ఫ్లో బెంచ్ (హెడ్‌లోంచి ఎంత గాలి పోతుందో కొలిచే యంత్రం) మీద పెద్ద బోరు అడాప్టర్‌తో తీసిన అంకె ఇంజిన్‌లో ఎందుకు కనిపించదో దీన్నిబట్టి తెలుస్తుంది. హెడ్ అమ్మేవారు ఫ్లో షీట్ చూపిస్తే, ఏ బోరు మీద పరీక్షించారో ముందు అడగండి.

ఎల్‌ఎస్‌లో ఇది ఇంకా ప్రమాదం. ఎల్‌ఎస్3 హెడ్‌లో ఇన్‌టేక్ 2.165, ఎగ్జాస్ట్ 1.59. కలిపితే 3.755. ట్రక్కుల్లో వచ్చే 5.3 లీటర్ల ఇంజిన్ బోరు 3.780. మిగిలేది వెయ్యింట ఇరవై అయిదు వంతులు! ఇక్కడ గాలి సంగతి పక్కన పెట్టండి, వాల్వ్ వెళ్లి సిలిండర్ గోడకే తగులుతుంది. ఆ హెడ్‌కు కనీసం 4.000 బోరు కావాలి. 5.3 ఇంజిన్‌కు 2.00, 1.55 వాల్వ్‌లున్న 243 లేదా 799 నంబరు హెడ్ సరైనది.

బోరు సరిపోయినా, వ్యాసం పెరిగినంత లాభం రాదు. వాల్వ్ కొద్దిగా లేచినప్పుడు గాలికి దొరికే దారి దాని చుట్టుకొలతను లిఫ్ట్‌తో (వాల్వ్ లేచిన ఎత్తుతో) హెచ్చవేసినంత. లిఫ్ట్ వ్యాసంలో నాలుగో వంతుకు చేరాకే ఆ దారి వాల్వ్ మొత్తం వైశాల్యంతో సమానమవుతుంది. 2.02 వాల్వ్‌కు అది 0.505 అంగుళాలు. 1.94 నుంచి 2.02కి మారితే వైశాల్యం 8 శాతం పెరుగుతుంది, చుట్టుకొలత మాత్రం 4 శాతమే. మీ క్యామ్ (వాల్వ్‌లను తెరిచే ఇరుసు) ఇచ్చే వాల్వ్ లిఫ్ట్ 0.450 దగ్గరే ఆగిపోతే మీకు దక్కేది ఆ నాలుగే, అది కూడా సీటు (మూసుకున్నప్పుడు వాల్వ్ ఆనే వలయం) కింది గొంతును వెడల్పు చేస్తేనే. గొంతు వ్యాసం వాల్వ్ వ్యాసంలో 88 నుంచి 91 శాతం మధ్య ఉండాలి. 1.94 వాల్వ్‌కు 90 శాతం లెక్కన 1.746 గొంతు ఉన్న హెడ్‌లో సీటు మాత్రం కోసి 2.02 కూర్చోబెడితే గొంతు 86 శాతానికి పడిపోతుంది. అలాంటి హెడ్‌లో కొత్త వాల్వ్ కన్నా, ఉన్న 1.94 వాల్వ్ వెనుక వైపు 30 డిగ్రీల కోత, మంచి మూడు కోణాల సీటు ఎక్కువ మేలు చేస్తాయి. ఖర్చూ తక్కువ.

ఇక టైటానియం. దాని బరువు స్టీలు బరువులో సుమారు 57 శాతం. ఇది నిజమైన లాభమే, ఎవరూ కాదనరు. కొర్వెట్ జడ్‌06లోని 7.0 లీటర్ల ఎల్‌ఎస్7లో 2.20 ఇన్‌టేక్ వాల్వ్‌ను హైడ్రాలిక్ లిఫ్టర్లతో (క్యామ్ కదలికను పైకి అందించే, నూనె ఒత్తిడితో పనిచేసే ముక్కలతో) 7000 ఆర్‌పీఎం దాకా తిప్పాలి కాబట్టే షెవర్లే మాతృసంస్థ జీఎం టైటానియం వాడింది. అంటే పెద్ద వాల్వ్ తెచ్చిన బరువును దించుకోవడానికి అన్నమాట. 6200 దగ్గర ఆగిపోయే రోడ్డు ఇంజిన్‌లో దించుకోవాల్సిన బరువే అంత లేదు. అక్కడ 11/32 అంగుళాల కాడకు బదులు 8 మిల్లీమీటర్ల కాడ, తేలికైన రీటెయినర్ (వాల్వ్ స్ప్రింగ్‌ను పట్టి ఉంచే పళ్లెం), క్యామ్‌కు తగిన స్ప్రింగ్ సరిపోతాయి.

టైటానియం అడిగే మర్యాదలు కూడా వేరు. దాని ముఖం, కాడ పూత మీదే బతుకుతాయి. గ్రైండింగ్ పేస్టు వేసి రుద్దితే పూత పోతుంది, పూత పోయాక సీటు అరగడం మొదలవుతుంది. కాడ కొనకు గట్టి టోపీ, అంటే లాష్ క్యాప్, లేదా గట్టిపరచిన కొన ఉండి తీరాలి. లేకపోతే రాకర్ (వాల్వ్‌ను నొక్కే మీట) దాన్ని పుట్టగొడుగులా చదును చేసేస్తుంది. సీటు లోహం వాల్వ్ తయారీదారు చెప్పినదే కావాలి, గైడు కంచుది కావాలి. ఎగ్జాస్ట్ వైపు మామూలు 6-4 రకం టైటానియం మిశ్రమం పనికిరాదు, అక్కడికి 6242 రకం ఉండాలి. కేటలాగులో "టైటానియం" అన్న ఒక్క ముక్క చూసి ఆర్డరిస్తే ఇవేవీ తెలియవు.

"సోడియం వాల్వ్ చల్లగా ఉంటుంది" అన్నది సగం నిజం. బోలు కాడలో కొంత భాగమే నింపిన సోడియం 98 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి, వాల్వ్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా తలలోని వేడిని కాడకు మోస్తుంది. తల చల్లబడుతుంది, సరే. ఆ వేడి మాయమైపోదు కదా, గైడులోకి దిగుతుంది. మామూలు వాల్వ్‌లో వేడి ఎక్కువ భాగం సీటు గుండా బయటికి పోతుంది, సోడియం ఉన్నప్పుడు గైడు వాటా పెరుగుతుంది. గైడు వదులైతే కాడ ఊగుతుంది, సీటు మీద ఒక పక్కగా వాలుతుంది, మూసుకున్న ప్రతిసారీ మెడ దగ్గర వంగుతుంది. బోలు కాడ అలాంటి వంపును ఎక్కువకాలం ఓర్చుకోదు. ఎల్‌ఎస్7 ఎగ్జాస్ట్‌లో ఉన్నది ఈ సోడియం వాల్వే, ఆ ఇంజిన్‌కు చెడ్డపేరు తెచ్చినది గైడు అరుగుదలే. దాని గైడు ఖాళీకి గరిష్ఠ హద్దు 0.0037 అంగుళాలు. అలాంటి హెడ్ చేతికొస్తే ముందు ఆ కొలత తీయించాలి, తర్వాతే వాల్వ్ మాట. కొత్త గైడ్లు వేస్తే సీట్లను కూడా ఆ గైడు కేంద్రం నుంచే మళ్లీ కోయాలి. ఇంకొక హెచ్చరిక: సోడియం వాల్వ్ కాడను కోయకూడదు, పాతదాన్ని పగలగొట్టకూడదు. నీరు తగిలితే సోడియం మండుతుంది.

"స్టెయిన్‌లెస్ అంతా ఒకటే" అనేవాళ్లు చేతిలోకి ఒక చిన్న అయస్కాంతం తీసుకోవాలి. 21-4ఎన్ అంటే 21 శాతం క్రోమియం, 4 శాతం నికెల్, కొంత నైట్రోజన్ ఉన్న ఉక్కు. అయస్కాంతం దానికి అంటుకోదు. తలకు అంటుకోకుండా కాడకు గట్టిగా అంటుకుంటే అది రెండు ముక్కలు అతికిన వాల్వ్. అతుకు ఉన్నంత మాత్రాన చెడ్డది కాదు, కంపెనీ ఇంజిన్లు వాటితోనే తిరుగుతాయి. కానీ గట్టి స్ప్రింగులు, ఎక్కువ ఆర్‌పీఎం ఉన్నచోట ఒకే ముక్క వాల్వ్ కావాలి. కొన దగ్గర మాత్రమే అంటుకుంటే కంగారు వద్దు, 21-4ఎన్ వేడిచేసి ముంచితే గట్టిపడే రకం కాదు గనక అక్కడ గట్టి ముక్క అతుకుతారు. 21-2ఎన్‌లో నికెల్ 2 శాతమే, అది తేలికపాటి వాడకానికి. టర్బో, నైట్రస్ (ఇంజిన్‌కు అదనపు బలమిచ్చే ఏర్పాట్లు) ఉంటే ఎగ్జాస్ట్ వైపు ఇన్‌కొనెల్ 751 (వేడిని తట్టుకునే నికెల్ మిశ్రమం) తీసుకోండి, వాల్వ్ అంచు మందం కూడా కనీసం 0.080 ఉండేలా చూసుకోండి. అంచు పలచనైతే ఎర్రగా కాలి, ప్లగ్గు వెలగకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. ఇన్‌టేక్ వైపు చల్లని గాలి తగులుతూనే ఉంటుంది, అక్కడ ఇన్‌కొనెల్ దండగ.

"తీసి పెట్టడమే" అన్న చివరి మాటే ఎక్కువ ఇంజిన్లను చంపుతుంది. లాక్‌లు (కాడను రీటెయినర్‌కు బిగించే చిన్న చీలికలు) 7 డిగ్రీలవి, రీటెయినర్ 10 డిగ్రీలది అయితే రెండూ సరిగ్గా కరవవు, వాల్వ్ జారి సిలిండర్‌లో పడుతుంది. వాల్వ్ పొడవు 0.100 ఎక్కువైతే స్ప్రింగ్ అమరే ఎత్తూ రాకర్ కోణమూ మారతాయి, కాబట్టి ఎత్తు మైక్రోమీటర్‌తో కొలిచి, పుష్‌రాడ్ (రాకర్‌ను నెట్టే కడ్డీ) పొడవు మళ్లీ నిర్ణయించాలి. సీటు వెడల్పు ఇన్‌టేక్‌కు 0.040 నుంచి 0.060, ఎగ్జాస్ట్‌కు 0.060 నుంచి 0.080. ఎగ్జాస్ట్ సీటును అందంగా సన్నగా కోస్తే వేడి బయటికి పోయే దారిని మూసినట్టే.

ఆఖరున పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య దూరం. మెత్తని చెకింగ్ స్ప్రింగులు వేసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పుతూ, ఎగ్జాస్ట్‌ను పిస్టన్ పైకి చేరడానికి 10 డిగ్రీల ముందు, ఇన్‌టేక్‌ను 10 డిగ్రీల తర్వాత డయల్ గేజ్‌తో కొలవండి. చుట్టుపక్కల డిగ్రీల్లోనూ చూడండి, అతి తక్కువ అంకె ఏదో అదే లెక్క. ఇన్‌టేక్‌కు 0.080, ఎగ్జాస్ట్‌కు 0.100 కన్నా తగ్గకూడదు. ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఎందుకంటే అది వేడికి సాగుతుంది, మూసుకోవడం ఆలస్యమైతే పైకి వచ్చే పిస్టన్ వెంటపడుతుంది. లోతు సరిపోయినా ఊరుకోకండి: వాల్వ్ పెద్దదైంది కనుక దాని అంచు, పిస్టన్ మీద వాల్వ్ కోసం తవ్విన గుంట పక్క గోడకు తగలవచ్చు. అక్కడ చుట్టూ 0.050 ఖాళీ లేకపోతే గుంటను వెడల్పు చేయించాకే హెడ్ బిగించాలి.