సిల్క్‌బోర్డ్ దగ్గర గాలి ఎటు వీస్తోంది?

బెంగళూరు గుంతల గురించి రాసేవాళ్లు రాశారు, చెరువుల నురగ గురించి రాసేవాళ్లు రాశారు, నీళ్ల ట్యాంకర్ల గురించి ఇంకా రాస్తూనే ఉన్నారు. గాలి వల్ల ఈ ఊళ్లో కార్లకు జరుగుతున్న అన్యాయం గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి మా తోడల్లుడే విప్పాల్సి వచ్చింది.

మారతహళ్లిలో వాళ్ల అపార్ట్‌మెంటు బేస్‌మెంట్‌లో, జనరేటర్ పక్కన, ఒక ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారు ఉంది. 1962లో ఇంగ్లండులో పుట్టిన మోడలు. గీసినవాడు ఇటలీ దేశపు మికెలొత్తి, పేరేమో యుద్ధ విమానానిది. ఒకప్పుడు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ గుర్తుందా? దానికిది చెల్లెలు వరస, అక్క ఛాసిస్‌నే పొట్టిది చేసి తొడుక్కుంది. అందుకే ఏ బోల్టు ఊడినా మావాడు లండన్ వైపు కాదు, చెన్నై వైపు చూస్తాడు.

అతనికి పట్టుకున్న బెంగ ఒక్కటే: ఈ కారు గాలిని సరిగ్గా చీల్చడం లేదు. వెటకారం చేసేవాళ్లు కాస్త ఆగండి. 1961 నాటి జాగ్వార్ ఇ-టైప్‌ను తీర్చినవాడు విమానాల కంపెనీ నుంచి వచ్చిన మాల్కం సేయర్. చూస్తే వదిలిన బాణంలా ఉంటుంది. అయినా దాని డ్రాగ్ కోఎఫిషెంట్, అంటే గాలికి బండి ఆకారం ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె (ఎంత తక్కువైతే అంత మేలు), 0.44 దగ్గర తేలింది. ఇవాళ పిల్లల్ని ట్యూషన్లో దింపే సెడాన్లు చాలావరకు 0.30 చుట్టుపక్కలే ఉన్నాయి. అందంగా ఉన్నంత మాత్రాన గాలి దారివ్వదని దీన్నిబట్టి తెలుస్తోంది. కాబట్టి అతని బెంగ న్యాయమైనదే.

ఇక లెక్క. గాలి నిరోధం వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. ఇంటర్లో బట్టీపట్టి, ఎంసెట్ హాల్లోంచి బయటికొస్తూ అక్కడే వదిలేసిన సంగతిది. ఇంత చిన్న కారు గంటకు 20 కి.మీ. మీద పోతుంటే గాలి వెనక్కి లాగే బలం సుమారు ఒక కిలో. సోనామసూరి ప్యాకెట్టు అనుకోండి. 100 మీద పోతే అది 25 కిలోల బస్తా. మావాడి యుద్ధం ఆ బస్తాతో.

అయితే బస్తా ఎదురుపడాలంటే ముందు 100 మీద పోవాలి కదా. ఊళ్ల ట్రాఫిక్ కొలిచే టామ్‌టామ్ కంపెనీ వాళ్ల 2022 లెక్కల ప్రకారం ఈ ఊరి నడిబొడ్డున 10 కి.మీ. పోవడానికి సగటున 29 నిమిషాలు. లండన్ తర్వాత లోకంలో రెండో స్థానం మనదే. అంటే గంటకు 20. మన నుదుట రాసింది కిలో ప్యాకెట్టే. అందులో పదో వంతు తగ్గించినా ఆదా అయ్యేది వంద గ్రాములు. ఆ వంద గ్రాముల కోసం అతను ఆరు వారాంతాలు, ఒక పెళ్లిరోజు వెచ్చించాడు. దీన్ని తపస్సు అనకపోతే ఇంకేమంటారు?

కెంపేగౌడ దూరదృష్టిని కూడా ఇక్కడ తలుచుకోవాలి. 1537లో ఆయన ఊరు కట్టింది సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున. ఇక్కడి గాలి చెన్నై గాలికన్నా ఎనిమిది తొమ్మిది శాతం పలచన. ఒక్క షీటైనా అతికించకుండా ఆ మేరకు గాలి నిరోధం తగ్గించి వెళ్లిపోయాడు మహానుభావుడు. ఎంజిను కూడా ఆ పలచటి గాలే పీల్చి నీరసపడుతుందనుకోండి, అది వేరే సంగతి.

పైగా గాలి చదువుకు ఈ ఊరు పుట్టిల్లు. సతీశ్ ధవన్ ఇక్కడి ఐఐఎస్సీలో సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ (నమూనాల మీదికి జోరుగా గాలి వదిలి పరీక్షించే సొరంగం) కట్టించారు, మన శ్రీహరికోట కేంద్రానికి పెట్టింది ఆయన పేరే. విమాన పరిశోధనల సంస్థ ఎన్‌ఏఎల్ వాళ్లకు 1.2 మీటర్ల టన్నెల్ ఉంది, ధ్వని వేగాన్ని దాటిన గాలి కూడా వీస్తుంది. మావాడిది పెడెస్టల్ ఫ్యాను. మూడో నంబర్లో పెడితే దాని ముందు గాలి కూడా ఇంచుమించు గంటకు 20 కి.మీ.! అవుటర్ రింగ్ రోడ్డును ఇంత కచ్చితంగా అనుకరించే ప్రయోగశాల దేశంలో మరోటి లేదని నా అభిప్రాయం. గాలి పోయే దారి చూపించే పొగ కోసం బానెట్ ముందు అగరుబత్తులు గుచ్చాడు. వాచ్‌మన్ చెప్పులు విప్పి వచ్చి ప్రసాదం అడిగాడు.

తర్వాత రోడ్డు పరీక్ష. కారు ఒంటినిండా ఊలు పోచలు టేపుతో అంటించాడు. గాలి సాఫీగా సాగేచోట అవి వెనక్కి వాలతాయి, సుడులు తిరిగేచోట గింగిరాలు కొడతాయి. నిజంగా వాడుకలో ఉన్న పద్ధతే. ఫోన్లో వీడియో తీస్తూ స్కూటర్ మీద వెనకాల రావడం నా పని. గంటన్నర తీశాను. పోచలన్నీ బుద్ధిగా తలలు దించుకుని వేలాడాయి. ట్రాఫిక్ జాములకు పేరుమోసిన సిల్క్‌బోర్డ్ కూడలి దగ్గర పక్క బస్సు పొగగొట్టం ఊదేసరికి మాత్రం ఒక్కసారిగా ముందుకు లేచాయి. "అన్నయ్యా, చూశావా, ఫ్లో తిరగబడింది!" అన్నాడు సంబరంగా. కారు వెనక్కి పోతోందని దాని తాత్పర్యం కావచ్చు.

ముందు బంపరు కింద ఫ్లెక్సీ షాపు నుంచి తెచ్చిన సన్‌ప్యాక్ ప్లాస్టిక్ షీటు కట్టాడు. హంప్, అదే స్పీడ్‌బ్రేకర్, ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది. మా వీధి హంప్‌కు ఏ కాంగ్రెస్‌తోనూ సంబంధం లేదు. షీటు అక్కడే ఉండిపోయింది. కడుపు కిందంతా చదును చేస్తానని బిగించిన ఏసీపీ షీటు, అదే, దుకాణాల బోర్డులకు వాడేది, రెండో హంప్ దగ్గర సగం ఊడింది. ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. ఆ చట్టాన్ని ఇంత చురుగ్గా అమలుచేసేది మా వీధిలో హంపులే.

చివరిది తోక. 1973 మోడల్ పోర్షా కరేరా ఆర్‌ఎస్‌కు వెనకాల బాతు తోకలాంటి స్పాయిలర్ ఉంటుంది, వేగంలో వెనక భాగం పైకి లేవకుండా అణచిపెడుతుంది. ఆ వంపు ఏ దుకాణంలోనూ దొరకలేదట. వంటింట్లో దొరికింది. చీరాల నుంచి మా అత్తగారు తెచ్చుకున్న వెదురు చేట, మెంతిపిండి కాగితపు గుజ్జుతో అలికింది. డిక్కీ మీద బోర్లించి ఎం-సీల్ పెట్టాడు.

"నా చేట చూశారా బాబూ?" అంటూ ఆవిడ బేస్‌మెంట్‌లోకి దిగారు. చూశారు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "ఎదురుగాలికి నిలబడి తూర్పారబడితే తాలు మొహాన పడుద్దని మా పాలేరుక్కూడా తెలుసు. మీరు చేట బోర్లేసి ఏం చెరుగుతున్నారు నాయనా?"

మావాడు కోఎఫిషెంట్ గురించి చెప్పబోయాడు. ఆవిడ వినలేదు. కింద పడున్న ఏసీపీ షీటును వేలితో కొట్టి, నునుపు చూసి, నాకిచ్చి పట్టుకోమన్నారు.

ఇప్పుడది టెర్రస్ మీద ఉంది. పైన పాత పంచె పరిచి గుమ్మడి వడియాలు పెట్టారు. నాలుగు వైపులా గాలి బాగా ఆడుతోంది. కాకుల్ని తోలే డ్యూటీ ఈ శనాదివారాలు మావాడిదే, ఫ్యాను కూడా పైకే తెచ్చుకున్నాడు.