చివరి ఆయకట్టుకు చేరని ఆకాశం

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో, రిటైరైన మనిషి కాలక్షేపానికి నీటిరంగుల చిత్రలేఖనాన్ని ఎంచుకోవడం బాధ్యత లేని పని అని మా వీధిలో ఒక బలమైన అభిప్రాయం ఉంది. కుళాయి దగ్గర బిందెలతో నిలబడినవారు, కుంచె కడగడానికి ఒకటి, శుభ్రమైన నీటికి ఒకటి చొప్పున రెండు గ్లాసులు పట్టుకుని వెళ్ళిన నన్ను చూసిన చూపును నేను ఇంకా మరచిపోలేదు. ఆ అభిప్రాయాన్ని సవినయంగా ఖండించడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ముప్పైమూడేళ్ళు కాలువల ఎస్టిమేట్లు రాసిన అనుభవంతో చెబుతున్నాను, ఈ నేలకూ ఇక్కడి ఉద్యోగికీ ఇంతకంటే తగిన విద్య మరొకటి లేదు. నేను పనిచేసిన శాఖ పేరు ఇక్కడ అనవసరం. కాలువలో నీళ్ళు రాని సంవత్సరాల్లో కూడా నాకు జీతం సకాలంలోనే వచ్చింది కనుక నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

ఈ విద్యలో మొదటి పాఠాన్ని వాష్ అంటారు. అట్టకు బిగించిన కాగితాన్ని కాస్త ఏటవాలుగా పెట్టుకుని, కుంచె నిండా రంగునీరు తీసుకుని, పై అంచున ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క గీత గీయాలి. ఆ గీత కింది అంచున చిన్న కాలువలా నీరు నిలుస్తుంది. రెండో గీత ఆ నీటిని అందుకుని కిందికి దించాలి, మూడో గీత దాన్ని ఇంకా కిందికి దించాలి, ఇలా గట్టు తెగకుండా, ధార ఆగకుండా అడుగు దాకా తీసుకువస్తే మచ్చలేని ఆకాశం సిద్ధమవుతుంది. పుస్తకంలో ఈ వర్ణన చదివిన రోజు నా కళ్ళు చెమర్చాయి. ఎగువ తూము నుంచి చివరి ఆయకట్టు దాకా ప్రతి మడికీ సమానంగా నీరు అందే కాలువను ఉద్యోగ జీవితమంతా కాగితం మీదే గీసిన నేను, రిటైరైన తర్వాత దాన్ని మళ్ళీ కాగితం మీదే గీసే అవకాశం వచ్చినందుకు ఎంత సంతోషించానో వేరే చెప్పనక్కరలేదు.

నా మొదటి ఆకాశం కూడా ఉద్యోగ సంప్రదాయాన్ని తప్పలేదు. ఎగువన నీరు మడవలు పొంగింది, మధ్యలో ఫరవాలేదనిపించింది, అడుగుకు వచ్చేసరికి కుంచె ఎండిపోయి, చివరి రెండు అంగుళాలు మెట్టగానే మిగిలిపోయాయి. అది మే నెల. ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజున కింది గీత గీసేలోపే పై గీత ఆరిపోతుంది. ఆరే తడికి ఒక లక్షణం ఉంది. అంచున నీరు ముందుగా ఆవిరవుతుంది, లోపలి నీరు ఆ లోటు పూడ్చడానికి అంచుకు పరుగెత్తుతూ రంగును కూడా వెంట తీసుకుపోతుంది, రంగంతా అక్కడ పేరుకుని ముదురు గీతగా మిగిలిపోతుంది. దాన్ని సరిచేద్దామని ఇంకో చుక్క వేస్తే ఆ చుక్క రంగును చుట్టూ నెట్టివేసి కాలీఫ్లవర్ ఆకారంలో పూస్తుంది. నా ఆకాశంలో అలాంటి పూలు ఏడు పూశాయి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అయితే వీటిని అదనపు పనులుగా చూపించి రివైజ్డ్ ఎస్టిమేట్ పెట్టేవాణ్ణి.

పరిష్కారం లేకపోలేదు. కాగితాన్ని రెండు వైపులా బాగా తడపాలి, తెల్లవారుజామున కూర్చోవాలి, అన్నింటికంటే ముఖ్యంగా ఫ్యాను ఆపేయాలి. ఈ మూడో షరతు వినగానే మా ఇంటావిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఏమండీ, మీ ఆకాశం ఆరేదాకా మేమంతా ఇక్కడ ఉడకాల్నా?" కళలకు కుటుంబ సహకారం ఎంత అవసరమో నాకు ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి వంటింటి వెనక వరండాలో, చీపుర్లకూ గ్యాస్ సిలిండరుకూ మధ్యన నా చిత్రశాల నడుస్తున్నది.

ఇక సామగ్రి విషయం. నేను అత్యధికంగా వాడే రంగు బర్న్ట్ సియెన్నా. సియెన్నా ఇటలీలో ఒక ఊరు; ఆ చుట్టుపక్కల దొరికే ఇనుప ఆక్సైడు మట్టిని కాలిస్తే వచ్చే ఎర్ర గోధుమ వన్నెకు ఆ పేరు స్థిరపడింది. మన ఎర్రనేలకు ఆ రంగు ఇచ్చేదీ ఇనుప ఆక్సైడే. ఈ రంగుపొడిని కాగితానికి పట్టించే జిగురు గమ్ అరబిక్, అంటే ఆఫ్రికా ఎడారి అంచుల్లో పెరిగే ఒక జాతి తుమ్మచెట్టు బంక. ఎర్రమట్టి మీద నిలబడి, తుమ్మచెట్టు నీడన, సెల్‌ఫోన్‌లో ఎర్రమట్టినీ తుమ్మబంకనూ ఐదు మిల్లీలీటర్ల ట్యూబులో ఆర్డరు ఇచ్చి, అవి వచ్చేదాకా నాలుగు రోజులు వీధివైపు చూస్తూ కూర్చోవడంలో ఉన్న ఆనందం అనుభవిస్తే గాని తెలియదు. పైగా 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి నూలు కాగితం. దాని ధర ఇక్కడ రాయను, ఈ వ్యాసం మా ఇంట్లో వాళ్ళూ చదువుతారు.

ఖర్చు ప్రస్తావన వస్తే నాకు లేపాక్షి గుర్తుకు వస్తుంది. 2022లో జిల్లా విడిపోయినప్పుడు అది శ్రీసత్యసాయి జిల్లా వాటాకు పోయింది గాని, విజయనగర కాలంలో మట్టిరంగులతో వేసిన ఆ మండపం కప్పు బొమ్మలను తలెత్తి చూస్తూ మెడ పట్టేయించుకునే హక్కు మాకు ఇంకా ఉంది. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ, రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము ఖర్చు పెట్టాడన్న నేరానికి శిక్ష పడబోతుంటే, తానే కళ్ళు పెరికి గోడకు కొట్టాడని స్థలపురాణం. ఆ ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. ముందస్తు మంజూరు లేకుండా కళ మీద ఖర్చు పెట్టేవారికి ఇంతకంటే స్పష్టమైన ఆడిట్ అభ్యంతరం చరిత్రలో కనిపించదు. నా కాగితాల పార్సిలు వచ్చిన ప్రతిసారీ నేను దాన్ని బీరువా మీద, పాత పంచాంగాల కింద భద్రపరుస్తాను.

అయితే ఉద్యోగానుభవం నిజంగా అక్కరకొచ్చేది తెలుపు దగ్గర. నీటిరంగుల సంప్రదాయంలో తెల్లరంగు వేయరు. తెల్లగా ఉండవలసిన చోట కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు. గోడ మీది ఎండ, కొంగ రెక్క, చెరువులో మెరుపు, అన్నీ మనం చేయని పనివల్లనే ఏర్పడతాయి. తన బల్ల మీదికి వచ్చినదాన్ని ముట్టుకోకుండా ఏళ్ళ తరబడి వదిలేయగల మనిషి ఎక్కడ దొరుకుతాడని ఈ కళ శతాబ్దాలుగా వెతుకుతున్నట్టుంది, మా ఆఫీసు వైపు ఎవరూ వచ్చి చూడలేదు. అయినా అప్పుడు అంత నిగ్రహం చూపిన ఈ చెయ్యే, ఇప్పుడు తడి ఆరని ఆకాశాన్ని చూస్తే ఒక్క క్షణం ఊరుకోదు.

పెట్టెలో వచ్చిన ఆకుపచ్చ ట్యూబులు మూడింటికీ ఇంకా మూత తీయలేదు. ఒక్క మాట మాత్రం వ్యంగ్యం లేకుండా చెప్పుకోవాలి. అల్ట్రామెరైన్ నీలంలో కొద్దిగా బర్న్ట్ సియెన్నా కలిపితే అచ్చం మన గుట్టల బూడిదవన్నె వస్తుంది. దాన్ని పల్చగా, గరుకు కాగితం మీద పరిచి చేతులు కట్టుకుని కూర్చుంటే, నీలం రేణువులు మెల్లగా కాగితపు గుంతల్లోకి దిగుతాయి, సియెన్నా ఎరుపు వాటి పక్కన పల్చగా పరుచుకుంటుంది. గుత్తి కోట కొండ మీద సాయంత్రం వాలే పొడినీడ ఎలా ఉంటుందో, ఏ చెయ్యీ పడకుండా, నా కళ్ళముందే అలా తయారవుతుంది. దానికి పట్టేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు నాకు బీపీ మాత్ర గుర్తుకు రాదు, పెన్షను బకాయి గుర్తుకు రాదు, కుంచె ముంచినది కడిగే గ్లాసులోనా మంచి గ్లాసులోనా అన్నది కూడా గుర్తుకు రాదు.

మొన్న మా ఊరి నుంచి, నా వాటా నాలుగెకరాలు గుత్తకు చేసే రైతు చెనిక్కాయ విత్తనాల పనిమీద పట్నానికి వచ్చి, ఇంట్లో కాసేపు కూర్చున్నాడు. వరండాలో ఆరబెట్టిన బొమ్మ దగ్గర ఆగి చాలాసేపు చూశాడు. తడి మీద తడి వేసి, అంచులు కరిగించి, మూడు రోజులు కష్టపడి తెచ్చిన కారుమేఘం అది. ఎర్రచేను, దాని మీద నల్లటి మబ్బు, మధ్యలో నేను ముట్టుకోకుండా వదిలేసిన తెల్లటి వెలుగు.

"బాగుంది సార్. ఈ మోడం కురిసేదేనా, పొయ్యేదేనా?" అని అడిగాడు.

ముప్పైమూడేళ్ళ అలవాటు. "ప్రతిపాదనల్లో ఉంది" అన్నాను.

అతను తలూపి, కాఫీ తాగి, బస్సుకు వెళ్ళిపోయాడు.