అర్పణ కాసేపు ఆగనివ్వండి

శుక్రవారం రాత్రి అమెరికాలోని మా ఇంట్లో ప్రార్థన కూటం. ఆ రోజు వాక్యం చదివే వంతు మాస్టర్స్ చేస్తున్న ఒక కుర్రాడిది. మత్తయి సువార్త 5వ అధ్యాయం తీశాడు. బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుండగా నీ మీద నీ సహోదరుడికి విరోధం ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి అతనితో సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అని యేసు చెప్పే చోటు. చదివి కూర్చున్నాడు. తర్వాత ప్రార్థన చేయాల్సింది నేను. నోరు పెగల్లేదు.

ఒంగోలు దగ్గర మా ఊళ్లో ఉండే అన్నయ్యతో నేను మాట్లాడి అప్పటికి నాలుగేళ్లు. ఇంటి స్థలం పంపకాల దగ్గర మాటా మాటా పెరిగింది. నాన్నగారి వైద్యానికి పంపిన డబ్బు నేను లెక్క రాసిపెట్టుకున్నాను. పెద్దమనుషుల ముందు ఆ కాగితం బయటికి తీశాను. నాన్నగారి మంచం పక్కన అన్నయ్య నిద్ర లేకుండా గడిపిన రాత్రులకు ఎవరూ లెక్క రాయలేదు. ఆ సంగతి నాకప్పుడు తట్టనే లేదు.

ఆ నాలుగేళ్లూ నేను ఆరాధన మానలేదు, దశమభాగం మానలేదు. అన్నయ్యను ఎప్పుడో క్షమించేశానని కూడా అనుకునేవాణ్ని. కానీ ఆ వచనం నా మనసులో ఎవరిమీద ఏముందో అడగడం లేదు. నా మీద ఎవరికి ఏముందో అడుగుతోంది. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన మాటను నేను తలకిందులుగా చదువుకుంటూ వచ్చాను. క్షమించడం గదిలో కూర్చుని ఒక్కడినే చేసుకోగలను. నావల్ల నొచ్చుకున్న మనిషి దగ్గరికి మాత్రం నేను లేచి వెళ్లాలి.

మన క్రైస్తవ జీవితాన్ని ఈ ఒక్క ప్రశ్నతో చూసుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇంట్లోనే కాదు, ఆఫీసులోనూ, చర్చిలోనూ.

ఉద్యోగం సంగతే తీసుకుందాం. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే మన పిల్లల టెన్షన్ నాకు తెలుసు. చదువయ్యాక ఓపీటీ, అంటే విద్యార్థి వీసా మీద కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి, మొదలైతే, ఉద్యోగం లేని రోజులు అన్నీ కలిపి 90 దాటకూడదు. అక్కడ తల్లిదండ్రుల పేరు మీద అప్పు ఉంటుంది. అలాంటప్పుడు కన్సల్టెన్సీ వాళ్లు రెజ్యూమెలో లేని అనుభవం మూడేళ్లు పెట్టమంటారు. ‘అందరూ పెట్టేదే అంకుల్’ అంటారు పిల్లలు. ఆ పిల్లవాణ్ని తిట్టడానికి నాకు మనసు రాదు. అయినా అది తప్పే. నిజం రాసి పక్కన పడిపోయిన ఇంకో పిల్లవాడు ఉంటాడు. వాడి పేరు మనకు తెలియకపోయినా, వాడికి మన మీద విరోధం ఉంది. బృందం చేసిన పనిని మీటింగులో నా పనిగా చెప్పుకున్న రోజులు నాకూ ఉన్నాయి. అప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడకుండా ఊరుకున్న జూనియర్ అమ్మాయికి నేను బాకీ ఉన్నాను.

అయితే ఆ కుర్రాడితో ‘అబద్ధం రాయకు బాబూ, ప్రార్థన చేస్తాంలే’ అని చేతులు దులుపుకునే హక్కు మనకు లేదు. రెజ్యూమె దగ్గర కూర్చుని సరిదిద్దాలి. ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయించాలి. ఉన్న అనుభవం ఉన్నట్టు చెప్పి మన కంపెనీలో రిఫర్ చేయాలి. బేస్‌మెంట్ ఖాళీగా ఉంటే రెండు నెలలు ఉండనివ్వాలి. వాడు హిందువైనా, ముస్లిమైనా సరే. మన ఇంట్లో ఉంటున్నాడు కాబట్టి కూటంలో కూర్చోవాలని మాటల్లో కాదు కదా, చూపుల్లో కూడా అడగకూడదు.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మా ఒంగోలు చరిత్రే. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరమైన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి కూలి ఇచ్చారు. ఊళ్లలో సువార్త చెప్పే తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. బాప్తిస్మం అడిగినవాళ్లు వేలల్లో ఉన్నా, కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, తిండి కోసం ఎవరూ మారకూడదని. సాయం ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా చర్చిల్లో ఆ అంకెను గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం, అడుగుతున్నా ఇవ్వకుండా ఆగిన ఆ నెలలే ఎక్కువ గౌరవం కలిగిస్తాయి.

ఇంకొక మాట చెప్పాలి, కొందరికి నొప్పి కలిగినా సరే. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య మాట్లాడారు. తర్వాత రెండేళ్లకు దోర్నకల్ బిషప్ అయినవారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని తెల్ల మిషనరీలను అడిగారు. ఆ ప్రశ్న ఇప్పుడు మనల్నే అడగాలి. ఒకే రొట్టె విరిచి ప్రభు బల్లలో పాలుపొందుతాం. పిల్లల పెళ్లి మాట వచ్చేసరికి ‘క్రైస్తవ సంబంధం, ఫలానా కులం అయితేనే’ అంటాం. పదేళ్లుగా ఒకే వరుసలో కూర్చుంటున్న కుటుంబాన్ని ఒక్కసారైనా భోజనానికి పిలవనివాళ్లం ఉన్నాం. వాళ్లు నోరు తెరిచి ఏమీ అనరు. ఆదివారం వచ్చి ‘వందనాలండీ’ అని వెళ్లిపోతారు. వాళ్లకు మన మీద విరోధం లేదని ఎలా అనుకోగలం?

ఆ శుక్రవారం అందరూ వెళ్లాక అన్నయ్యకు ఫోన్ చేశాను. ఇక్కడ రాత్రి పదకొండున్నర, అక్కడ శనివారం పొద్దున్న పది. రెండోసారికి ఎత్తాడు. ‘ఆ కాగితం తీయడం తప్పు అన్నయ్యా’ అన్నాను. అంతకంటే మాటలు రాలేదు. అన్నయ్య చాలాసేపు ఏమీ అనలేదు. వెనకాల ఎవరో బోరు కొడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ‘ఆ రోజు అమ్మ కూడా అక్కడే ఉందిరా’ అన్నాడు.

స్థలం గొడవ ఇంకా తేలలేదు. వదిన ఇప్పటికీ నాతో మాట్లాడదు. అన్నయ్య మాత్రం శనివారాలు ఫోన్ ఎత్తుతున్నాడు. డిసెంబరులో ఊరెళుతున్నాను. క్రిస్మస్ ఆరాధన కంటే ముందు, వదిన ముందు కూర్చోవాలి.