దేవుడికి యూనిఫాం తొడిగేముందు

2025 మే నెలలో మా వీధిలో జరిగిన సంగతి ఇది. అప్పుడే రాద్దామని కూర్చున్నాను గానీ ఆ రోజు రాసి ఉంటే తిట్లు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. ఇప్పటికీ కోపం ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మళ్ళీ ఎప్పుడో ఒకరోజు సరిహద్దులో కాల్పులు మొదలవుతాయి, మళ్ళీ మన వీధుల్లో మైకులు లేస్తాయి, ఆ లోపల మనం మనం ఈ మాట ఒకసారి మాట్లాడుకోవాలి.

మాది నెల్లూరు. అమ్మ వాళ్ళది ఒంగోలు, తరాల నుంచి బాప్టిస్టు కుటుంబం. మా ఎదురింట్లో ఒక తాత ఉన్నాడు, ముస్లిం, మద్రాస్ రెజిమెంట్‌లో చేసి హవల్దారుగా రిటైరై వచ్చిన మనిషి. ఆపరేషన్ సిందూర్ మొదలైన వారం అది. ఆ పేరు ఎవరికీ వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది. పహల్గాంలో కళ్ళముందే భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళు అందరికీ గుర్తొచ్చారు, పసుపు కుంకుమల విలువ తెలిసిన ప్రతి ఇంట్లోనూ గుండె కదిలింది, నాకూ కదిలింది. ఒక సాయంత్రం కుర్రాళ్ళు కొవ్వొత్తుల ర్యాలీ తీశారు. మంచి పనే, నేనూ వెళ్ళాను.

ర్యాలీ మా వీధిలోకి వచ్చేసరికి తాత గేటు దగ్గర కొవ్వొత్తి వెలిగించుకుని నిలబడి ఉన్నాడు. మైకు పట్టుకున్న అబ్బాయి ఆయన ముందు ఆగి "తాతా, నువ్వు కూడా అను, గట్టిగా" అన్నాడు. దేశానికి జై కొట్టమన్నారు, కొట్టాడు. తర్వాత దేవుడి పేరు మీద ఇంకో నినాదం ఇమ్మన్నారు. ఒకడు ఫోను తీసి ఆయన మొహానికి దగ్గరగా పెట్టాడు. వీధి మొత్తం చూస్తోంది. తాత పెరేడ్ గ్రౌండులో అరిచే గొంతుతో అదీ అన్నాడు. వాళ్ళు చప్పట్లు కొట్టి ముందుకు పోయారు. నేను ఒక్క మాట అనకుండా వాళ్ళ వెనకాలే నడిచాను. అది నేను మర్చిపోలేను.

మర్నాడు పొద్దున వాళ్ళింటికి వెళ్తే ముందు రోజు రాత్రి ఆయన అన్నం తినలేదని అవ్వ చెప్పింది. తాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి ఒకటే అన్నాడు. "పాపా, దేవుడి పేరు నాకేమీ కొత్త కాదు. మా పక్కన కుమావోన్ వాళ్ళు 'కాళికా మాతా కీ జై' అని అరస్తా కొండెక్కతా ఉంటే వాళ్ళతో పాటు నేనూ అరిచినా. ఆడ నన్ను అనమని ఎవురూ అడగలా."

ఆ చివరి మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

మన సైన్యంలో దేవుడి పేరు ఎప్పటినుంచో ఉంది. సిక్కు రెజిమెంట్ వాళ్ళు "బోలే సో నిహాల్, సత్ శ్రీ అకాల్" అంటారు, రాజ్‌పుతానా రైఫిల్స్ వాళ్ళు "రాజా రామచంద్ర కీ జై" అంటారు, గూర్ఖాలు "జై మహాకాళి, ఆయో గోర్ఖాలీ" అంటారు. తాత రెజిమెంటుది మాత్రం "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు", కొట్టు చంపు అనడమే, దేవుడి ప్రస్తావనే లేదు. యూనిట్లలో సర్వధర్మ స్థలం అని ఒకే కప్పు కింద గుడి, మసీదు, గురుద్వారా, చర్చి ఉంటాయి. ఆఫీసరు ఏ మతం వాడైనా తన జవాన్లు మొక్కే చోటికి వాళ్ళతో పాటు వెళ్ళి నిలబడతాడు, అది అక్కడి ఆనవాయితీ. తూటాలకు ఎదురుగా కొండెక్కే మనిషికి ఏదో ఒక పేరు కావాలి, దాన్ని తప్పుపట్టే అర్హత ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్న నాకు లేదు. అక్కడ ఆ పేరు పక్కవాడికి "నేనున్నా, పద" అని చెప్పడానికి. మా వీధిలో అదే పేరు "నువ్వు మావాడివేనా, రుజువు చెయ్" అని అడగడానికి వాడారు.

పాటలకి కూడా ఇదే జరుగుతుంది, ఇది మన దేశంలోనే కాదు. మా ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టులకు ఈ విషయంలో ఒక పాత చుట్టరికం ఉంది. 1853లో అమెరికాలోని బాప్టిస్టు పెద్దలు నెల్లూరు మిషన్‌ని మూసేద్దామా అని ఆలోచించారు, ఏళ్ళ తరబడి పనిచేసినా చేరినవాళ్ళు బహు కొద్దిమంది. మిషన్ల పటంలో నెల్లూరు ఒంటరి నక్షత్రంలా ఉందన్న మాట ఆ చర్చలో వచ్చింది. ఆ మాట పట్టుకుని శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే పాస్టరు "లోన్ స్టార్" అని ఒక పద్యం రాశాడు. మిషన్ నిలబడింది. పాతికేళ్ళ తర్వాత, 1878 జూలై 3న, కరువు రోజుల్లో, గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఊరి బావిలో నీళ్ళు తోడుకోనివ్వని మాదిగలు. వాళ్ళకి పాట అంటే మనుషుల్లో ఒకడిగా నిలబడ్డం.

ఆ స్మిత్ గారే అంతకు ముందు 1831లో "మై కంట్రీ, టిస్ ఆఫ్ దీ" రాశాడు. 1931లో అమెరికా వేరే పాటని అధికారికంగా జాతీయగీతం చేసుకునేదాకా నూరేళ్ళు దాన్ని కూడా జాతీయగీతంలాగే పాడుకున్నారు. దాని రాగం ఏదనుకున్నారు? ఇంగ్లండు వాళ్ళ "గాడ్ సేవ్ ద కింగ్" రాగమే. ఏ రాజు మీద తిరగబడి గెలిచారో ఆ రాజు పాట రాగం. జర్మన్ చక్రవర్తి గీతం కూడా అదే రాగం. అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలకి ఇటువైపూ అటువైపూ ఉన్న రాజుల పాటలకి ఒకటే రాగం. జర్మన్ సైనికుల బెల్టు బకిల్ మీద "దేవుడు మాతో ఉన్నాడు" అని వాళ్ళ భాషలో చెక్కి ఉండేది. ఇంగ్లండులోనూ చర్చిల్లో తమ గెలుపు కోసమే ప్రార్థించారు. అంతకు యాభై ఏళ్ళ ముందే, 1865 మార్చిలో, అమెరికా అంతర్యుద్ధం ఇంకా ముగియకముందే లింకన్ తన ప్రసంగంలో ఈ మాట తేల్చి చెప్పాడు: ఇద్దరూ చదివేది ఒకే బైబిలు, ఇద్దరూ మొక్కేది ఒకే దేవుడికి, ఒకరి మీద ఒకరు ఆయన సాయమే అడుగుతున్నారు. యుద్ధం గెలవబోతున్న మనిషి ఆ మాట అన్నాడు. ఓడినవాడు అనడం వేరు, గెలిచేవాడు అనడం వేరు.

స్మిత్ పాట కథ అక్కడితో ఆగలేదు. 1939లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కి వాషింగ్టన్‌లో ఒక హాలు ఇవ్వకపోతే ఆమె లింకన్ మెమోరియల్ మెట్ల మీద నిలబడి మొదట పాడింది ఆ పాటే. 1963లో అదే చోట మార్టిన్ లూథర్ కింగ్ ఆ పాటలోని మాటలే ఎత్తుకున్నాడు. ఇది నా దేశం అని గర్వంగా పాడుకున్న పాటని పట్టుకుని, మరి ఇది నా దేశం కూడా కదా అని అడిగారు వాళ్ళు.

2022లో బీటింగ్ రిట్రీట్ నుంచి, అంటే రిపబ్లిక్ డే వేడుకల ముగింపులో సైనిక బ్యాండ్లు వాయించే కార్యక్రమం నుంచి, "అబైడ్ విత్ మీ" తీసేసినప్పుడు మా ఇంట్లో మా అమ్మమ్మ గుర్తొచ్చి అందరం ఏడ్చాం. ఆవిడకి ఇంగ్లీషు రాదు, రాగం మాత్రం వచ్చు, పొయ్యి ఆర్పేశాక చీకట్లో దాన్నే కూనిరాగం తీసేది. హెన్రీ లైట్ అనే పాస్టరు క్షయతో చనిపోయే ముందు 1847లో రాసిన పాట అది, పొద్దుగూకుతోంది, నాతో ఉండు దేవా అని. గాంధీగారికి ఇష్టమైన పాట. ఏటా జనవరి 29న విజయ్ చౌక్‌లో పొద్దు వాలుతుంటే వాయించేవారు. దాని బదులు "ఏ మేరే వతన్ కే లోగో" పెట్టారు, 1962 యుద్ధంలో పోయినవాళ్ళ కోసం రాసిన పాట, అదంటే కూడా నాకు ప్రాణం, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆ రెండూ ఏడిపించే పాటలే, రెంటిలోనూ పగ లేదు. నా గొంతులో అడ్డం పడింది ఒక్క మాటే, "అది పరాయి పాట" అన్న మాట. మా అమ్మమ్మ పాట పరాయిదెట్లా అయింది?

మన జనగణమన కూడా ప్రార్థనే కదా. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్‌లో మొదటిసారి పాడారు, బ్రహ్మసమాజం వాళ్ళు దాన్ని దైవగీతంగానే పాడుకున్నారు. 1919లో మన మదనపల్లెలోనే ఠాగూరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. భాగ్యవిధాత అంటే దేవుడే, మూడో చరణంలో ఆయన్నే చిరసారథి అంటాడు. మనం బళ్ళో పాడేది మొదటి చరణమే. రెండో చరణం తీసి చదవండి, హిందూ, బౌద్ధ, సిక్కు, జైన, పారసీక, ముసల్మాన్, క్రైస్తవులందరినీ పేరు పేరునా పిలుస్తాడు. ఎవర్నీ నిలబెట్టి పరీక్ష పెట్టడు.

మా వాళ్ళని వదిలేసి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. ఆ మే నెలలోనే మా చుట్టాల స్టేటస్‌లలో "యెహోవా యుద్ధశూరుడు" అన్న వాక్యం బాంబు పేలే ఫొటో మీద పెట్టి చూశాను. సైన్యములకధిపతి అని మేము ఆదివారం ఆదివారం అంటాం, ఎర్ర సముద్రం దాటిన బానిసలు పాడిన పాటలోని మాట చేతిలో విమానాలున్న వాళ్ళు పాడితే అర్థం అదే ఉంటుందా? ఖడ్గాలు సాగగొట్టి నాగటి నక్కులు చేయమని యెషయా చెప్పాడు, నాగటి కఱ్ఱులు చెడగొట్టి ఖడ్గాలు చేయమని యోవేలులో ఉంది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి, ఏ రోజు ఏది తీసి చదువుతున్నామో అది మన మనసు సంగతే చెబుతుంది. గీత కూడా అంతే. "హతో వా ప్రాప్స్యసి స్వర్గం" అని యుద్ధానికి లేపిన గీతనే మన వైపు శవం లేచే ఇంటి ముందు ఘంటసాల గొంతులో పెడతారు. కొడుకు పోయిన తల్లికి ఆ గొంతు ఓదార్పు. ఒకే మాట బాణం ఎత్తిస్తుంది, దుఃఖమూ మోస్తుంది.

నెల్లూరు వాళ్ళకి దీని గురించి ఎవరో వచ్చి నేర్పనక్కర్లేదు. పుల్లరి, అంటే పశువుల మేత పన్ను, తగాదాలో కాటమరాజు మీదికి నెల్లూరు రాజు తరఫున యుద్ధానికి వెళ్ళి వెనక్కి తిరిగొచ్చిన ఖడ్గతిక్కనకి, ఇంట్లో భార్య మంచం అడ్డం పెట్టి స్నానానికి నీళ్ళూ పసుపు ముద్దా పెట్టిందని కథ. "పగఱకు వెన్నిచ్చినచో నగరే నిను" అని పద్యం. మళ్ళీ వెళ్ళి చచ్చిపోయాడు. చిన్నప్పుడు మాకు ఈ పద్యం వీరత్వం అని చెప్పారు. ఇప్పుడు చదివితే ఆ ఇంట్లో తర్వాతి పూట ఎట్లా గడిచిందో అనిపిస్తుంది. ఆయన దాయాది తిక్కన సోమయాజి ఆ పెన్నొడ్డునే కూర్చుని భారత యుద్ధం మొత్తం రాశాడు, రాసి స్త్రీపర్వం కూడా రాశాడు, గాంధారి కొడుకుల శవాల మధ్య తిరిగేది. శైవులూ వైష్ణవులూ కొట్టుకుంటున్న కాలంలో ఆ పుస్తకాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు, ఇద్దరినీ ఒకే దేవుణ్ణి చేసి. యుద్ధం వచ్చినప్పుడల్లా మనం భీష్మ ద్రోణ పర్వాలు ఎత్తుకుంటాం, స్త్రీపర్వం దాకా ఎవరూ పోరు.

ఆ ర్యాలీ కుర్రాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అందులో ఇద్దరు నా దగ్గర ట్యూషన్ చదివారు. వాళ్ళకి నేను చెప్పేది ఇదే నాయనా: మీ దేవుడి పేరు మీరు గట్టిగా అనుకోండి, ఇంకో మనిషి నోట్లో పెట్టి కెమెరా తిప్పకండి. ఆ తాత ఇరవై ఏళ్ళకు పైగా చేసిన సర్వీసు మీ పది సెకన్ల వీడియోకి లోకువైపోయింది. మీరు వెళ్ళి ఆయన్ని క్షమించమని అడిగితే ఆయన మీకు టీ ఇచ్చి కూర్చోబెడతాడు, నాకు తెలుసు.

జూలైలో రొట్టెల పండుగకి తాత, అవ్వతో పాటు నేనూ స్వర్ణాల చెరువుకి వెళ్ళాను. అక్కడి దర్గా పేరు బారా షహీద్, అంటే పన్నెండు మంది అమరులు, యుద్ధంలో తలలు తెగిపోతే గుర్రాలు మొండేల్ని ఇక్కడికి తెచ్చాయని చెబుతారు. అంత నెత్తుటి కథ మీద మన ఊరు రొట్టెలు మార్చుకునే పండుగ చేసుకుంది. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఎవరి కోరిక తీరితే వాళ్ళు తెచ్చి అదే కోరిక ఉన్నవాళ్ళకి ఇస్తారు, ఏ మతమని ఎవరూ అడగరు. తాత నీళ్ళలోకి దిగి ఉద్యోగం రొట్టె పట్టుకుని నిలబడ్డాడు. గిద్దలూరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, చేతికి ఎర్రదారం, అగ్నివీర్ సెలక్షన్‌కి పరుగు ప్రాక్టీసు చేస్తున్నానని చెప్పి చేతులు చాచాడు.

తాత వెంటనే ఇవ్వలేదు. "మీ అమ్మకి చెప్పినావా?" అని అడిగాడు.

ఆ అబ్బాయి గట్టు వైపు చూపించాడు. ఆమె నెత్తిన కొంగు కప్పుకుని మమ్మల్నే చూస్తోంది. తాత రొట్టె రెండు ముక్కలు చేసి ఒకటి వాడి చేతిలో పెట్టాడు, రెండోది పట్టుకుని నీళ్ళలోంచి నెమ్మదిగా ఆమె దగ్గరికి నడిచాడు.