కోర్టు మరిచిపోయింది, ఫారం మరిచిపోలేదు

అమెరికాలో మెడిసిన్ సీటుకి దరఖాస్తు పెట్టుకున్న పిల్లల ముందుకి ప్రతి వేసవిలోనూ ఒక వాక్యం వచ్చి కూర్చుంటుంది. ఉమ్మడి దరఖాస్తు పంపేశాక ఒక్కో కాలేజీ విడిగా పంపే సెకండరీ ఫారాల్లో, అన్నింట్లో కాదు గానీ కొన్నింట్లో, "మీ సేవా దృక్పథాన్ని వివరించండి"కి కాస్త కింద ఉంటుంది. సారాంశం ఇదీ: మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, మీ మీద ఎప్పుడైనా కేసు పెట్టారా, కోర్టు ఆ రికార్డుకి సీలు వేసినా, చెరిపేసినా సరే, రాయండి.

ఆ "చెరిపేసినా సరే" దగ్గర ఆగిపోయాను. ఇక ముందుకి కదలబుద్ధి కావడం లేదు.

చెరిపించుకోవడం ఏమైనా పలక తుడిచినంత తేలికా? కేసు ఏ రాష్ట్రంలో అయితే ఆ రాష్ట్ర చట్టం కింద పిటిషన్ వెయ్యాలి. కేసు ముగిశాక చట్టం చెప్పినన్నాళ్ళు ఆగాలి. ఫీజు కట్టాలి, చాలాచోట్ల వేలిముద్రలు మళ్ళీ ఇవ్వాలి, ప్రాసిక్యూటరు అడ్డం తిరిగితే హియరింగుకి వెళ్ళాలి. ఇంతా అయ్యాక జడ్జిగారు సంతకం పెడతారు. టెక్సస్‌లో ఎక్స్‌పంక్షన్ ఆర్డరు, అంటే చెరిపివేత ఆర్డరు, చేతికొచ్చినవాడు అసలు ఆ అరెస్టే జరగలేదని చెప్పుకోవచ్చు. ఆ హక్కు చట్టమే ఇచ్చింది. క్రిమినల్ కేసులో ప్రమాణం చేయించి అడిగినా "ఆ విషయం ఎక్స్‌పంజ్ అయింది" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు. బోనెక్కించినా నోరు విప్పనక్కర్లేని సంగతిని కాలేజీవారి డ్రాప్‌డౌన్ మెనూ దర్జాగా అడుగుతోంది. అవును అని నొక్కితే ఊరుకుంటుందా, కింద ఒక డబ్బా తెరుచుకుంటుంది: ఏం జరిగింది, దాన్నుంచి మీరేం నేర్చుకున్నారు? పుట్టనే పుట్టనివాడికి తద్దినం పెట్టమనడం, పిండం సైజు కూడా వాళ్ళే చెప్పడం.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. మనవాళ్ళు 'ఆమ్‌కాస్' అని పిలిచే ఉమ్మడి దరఖాస్తులో ఇంత మూర్ఖత్వం లేదు. అక్కడ ఫెలొనీకి (పెద్ద నేరం) ఒక ప్రశ్న, మిస్‌డిమీనర్‌కి (చిన్న నేరం) ఒక ప్రశ్న ఉంటాయి. శిక్ష పడిందా, లేదా నేరం ఒప్పుకున్నారా, 'నో కాంటెస్ట్' (ఒప్పుకోను, వాదించను) అన్నారా అని అడుగుతారు. జువెనైల్ కోర్టులో తేలినవి, కోర్టు సీలు వేసినవి, చెరిపేసినవి చెప్పనక్కర్లేదని ప్రశ్నలోనే రాసి ఉంటుంది. మూడుసార్లు చదవండి. మూడోసారి కూడా అదే ఉంటుంది. చెప్పనక్కర్లేదన్న చోట నిజాయితీ పొంగుకొచ్చి చెప్పేసే పిల్లలున్నారు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునే రకం. ఆ దరఖాస్తు ఒక కాలేజీకి కాదు, ఎంచుకున్న పదిహేను, ఇరవై కాలేజీలకూ ఒకేసారి వెళ్తుంది. వెళ్ళిందాన్ని వెనక్కి లాగే తాడు లేదు.

అయితే ఆ ప్రశ్నకి పక్కనే దాని సవితి ఒకటి ఉంది. పేరు 'ఇన్‌స్టిట్యూషనల్ యాక్షన్'. మీ మీద మీ కాలేజీ ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకుందా? దీనికి మాత్రం ఆ చర్య మీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో లేకపోయినా, కాలేజీవారే దాన్ని తీసేసినా, 'అవును' అనే చెప్పాలి. వివరణకి ఖాళీలతో కలిపి 1325 అక్షరాలు. దీని అంతరార్థం గ్రహించారా? షాపులో దొంగతనం కేసు, పోలీసులు, బేడీలు, జడ్జి, చెరిపివేత: చెప్పనక్కర్లేదు. మొదటి ఏడాది హాస్టల్ ఫ్రిజ్‌లో రెండు బీరు సీసాలు, వార్డెన్ హెచ్చరిక ఉత్తరం, తర్వాత దాన్ని కాలేజీయే చింపేయడం: చెప్పి తీరాలి. జడ్జిగారి రబ్బరు చెరుపుతుంది. వార్డెన్‌గారి రబ్బరు చెరపదు. మెడిసిన్ చదివే దేశంలో ఈ మాత్రం మర్మం లేకపోతే ఎలా?

ఇక టెక్సస్‌లో మనవాళ్ళుండే ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వైపు వద్దాం. అక్కడ పార్టీల్లో పులిహోరతో పాటు న్యాయసలహా కూడా వడ్డిస్తారు. "మా తోడల్లుడి కొడుక్కీ ఇలాగే అయిందండీ, లాయరు మొత్తం క్లీన్ చేసేశాడు." ఏం క్లీన్ చేశాడు నాయనా? టెక్సస్‌లో 100 డాలర్ల నుంచి 750 డాలర్ల లోపు సరుకు దొంగిలిస్తే క్లాస్ బి మిస్‌డిమీనర్. 180 రోజుల దాకా జైలు, 2000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. మొదటిసారి అయితే 'డిఫర్డ్ అడ్జుడికేషన్' ఇవ్వొచ్చు. కుర్రాడు తప్పు ఒప్పుకుంటాడు, లేదా నో కాంటెస్ట్ అంటాడు. గడువంతా బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు. టెక్సస్ లెక్కలో శిక్ష పడనట్టే. కానీ ఆమ్‌కాస్ ఫారం అడిగింది శిక్ష గురించే కాదు, ఒప్పుకున్నారా అని కూడా. పైగా ఈ కేసుకి ఎక్స్‌పంక్షన్ రాదు, వచ్చేది 'నాన్‌డిస్‌క్లోజర్' ఆర్డరు. అంటే చెరిపెయ్యడం కాదు, తెర వెయ్యడం. ఆ తెర వెనక్కి తొంగిచూసే హక్కున్న సంస్థల జాబితా చట్టంలోనే ఉంది, అందులో టెక్సస్ మెడికల్ బోర్డు ఉంది. రేపు ఈ కుర్రాడికి లైసెన్సు ఇవ్వాల్సిందెవరో తోడల్లుడుగారు చెప్పలేదు, గారెలు అయిపోతున్నాయని లేచిపోయారు.

ఆ కుర్రాడు ఎఫ్-1 విద్యార్థి వీసా మీదో హెచ్-4 డిపెండెంట్ వీసా మీదో ఉన్నవాడైతే కథ ఇంకా రుచిగా ఉంటుంది. 1996లో ఇమిగ్రేషన్ చట్టంలో 'శిక్ష' అనే మాటకి కొత్త అర్థం రాశారు. నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక ఆంక్ష విధిస్తే చాలు, తర్వాత కొట్టేసినా, రాష్ట్ర కోర్టు చెరిపేసినా, ఆ చట్టం కళ్ళకి శిక్ష పడ్డట్టే. పౌరసత్వం ఫారంలో కూడా సీలు వేసినవీ చెరిపేసినవీ రాయమనే ఉంటుంది. అంటే ఒకే దొంగతనం ఒక ఫారంలో జరగలేదు, ఇంకోదాంట్లో జరిగింది, మూడోదాంట్లో జరిగినా చెప్పనక్కర్లేదు. వేదాంతంలో జగన్మిథ్య అంటే ఏమిటో అర్థం కానివాళ్ళకి ఈ మూడు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు.

సరే, మన బంగారుతల్లి ఒకతె అన్ని చట్టాలకీ కట్టుబడి, ఎక్స్‌పంజ్ అయిన అరెస్టు మీద సెకండరీ వ్యాసం రాసిందనుకుందాం. అడ్మిషన్స్ కమిటీ గది. గుండ్రటి బల్ల, చల్లారిన కాఫీ. ఛైర్మన్ గారు చదువుతున్నారు: "ఫలానా సంవత్సరం, రాని మార్చి నెలలో, నేను వెళ్ళని దుకాణంలో, తియ్యని లిప్‌స్టిక్‌ని బ్యాగులో పెట్టుకోలేదు. అప్పుడు రాని పోలీసు నా చేతులకి వెయ్యని బేడీల చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తు లేదు. ఈ సంఘటన నా జీవితాన్ని మార్చేసింది."

బయోకెమిస్ట్రీ ప్రొఫెసరు గొంతు సవరించుకున్నాడు. "అభ్యర్థిలో పశ్చాత్తాపం కనబడటం లేదు."

"జరగనిదానికి పశ్చాత్తాపం ఎలా పడుతుందండీ?" అంది పిల్లల డాక్టరమ్మ.

"జరగలేదని మీకెలా తెలుసు?"

"కోర్టు ఆర్డరు జత చేసింది కదా."

"ఆర్డరుందంటే జరిగిందన్నమాటే కదా!"

ఛైర్మన్ గారు కళ్ళజోడు తీశారు. జరగని సంఘటనకి మార్కులు వెయ్యడానికి రూబ్రిక్‌లో గడి లేదు. కష్టాలను అధిగమించడం కింద వేద్దామా అంటే, ముందు కష్టం ఉండాలి కదా. నైతిక పరిణతి కింద వేద్దామని సర్జన్ గారి సూచన. 5కి 3 వేసి, చెరిపేసి, చెరిపేసినా సరే అని మళ్ళీ 3 వేశారు. చివర్లో విద్యార్థి ప్రతినిధి భయంభయంగా చెయ్యెత్తాడు: "ఈ అమ్మాయి ప్రవేశ పరీక్ష, అదే ఎంక్యాట్, స్కోరు ఎవరైనా చూశారా?" ఎవరూ చూడలేదు. టైమైపోయింది.

నవ్వుకున్నారు కదా, ఇప్పుడు ఒక మాట చెబుతాను. ఆ సెకండరీ ప్రశ్న అడిగేది 'శిక్ష' గురించి కాదు, 'అరెస్టు' గురించి. అరెస్టంటే ఒక పోలీసు ఒకరోజు ఒకరిని పట్టుకోవడం, అంతే. తప్పు మనిషిని పట్టుకున్నా అరెస్టే. మర్నాడు సారీ చెప్పి వదిలేసినా అరెస్టే. ఆ దేశంలో ఏ రంగు పిల్లల్ని ఎక్కువ ఆపుతారో, ఏ వీధిలో ఎక్కువ ఆపుతారో తెలియని డీన్ ఎవడైనా ఉన్నాడా? పోలీసు చేసిన పొరపాటుకి పిల్లవాడు సంజాయిషీ రాయాలా? అదీ "మీరేం నేర్చుకున్నారు" అని! ఏం నేర్చుకుంటాడు, పోలీసుల్ని చూస్తే పక్క సందులోకి తిరగడం నేర్చుకుంటాడు. పద్దెనిమిదేళ్ళ పిల్లల అండర్‌గ్రాడ్యుయేట్ దరఖాస్తులు తీసుకునే కామన్ యాప్ కూడా 2019లో తన ఉమ్మడి భాగం నుంచి నేరచరిత్ర ప్రశ్నని తీసేసింది.

ఇక అసలు మంట ఇది. డాక్టర్ల తరఫున కట్టిన మాల్‌ప్రాక్టీస్ (వైద్యంలో పొరపాట్ల) పరిహారాలు, వాళ్ళ మీద బోర్డులు తీసుకున్న చర్యలు నమోదు చేసే జాతీయ డేటాబ్యాంకు ఒకటి 1990 నుంచి నడుస్తోంది. ఆసుపత్రులు చూడొచ్చు, లైసెన్సు బోర్డులు చూడొచ్చు. కత్తి కింద పడుకోబోయే రోగి తన సర్జన్ పేరు కొట్టి చూస్తానంటే కుదరదు. ఫెడరల్ చట్టమే తాళం వేసింది. యాభై ఏళ్ళ సర్జన్ ఎవరి కడుపులో ఏం మరిచిపోయాడో రోగికి కనబడకూడదు. పందొమ్మిదేళ్ళ పిల్ల ఏ షాపులో లిప్‌స్టిక్ తీసిందో మాత్రం, కోర్టు చెరిపేసినా సరే, బల్ల చుట్టూ కూర్చుని చదవాలి. సిగ్గుండాలి!

కోపం పక్కన పెట్టి పనిలోకి వద్దాం, ఎందుకంటే ఫారం మారేలోపు గడువు దాటిపోతుంది. ప్రతి కాలేజీ ప్రశ్నని విడిగా, అక్షరం అక్షరం చదవాలి. 'కన్విక్షన్' (శిక్ష పడిందా అని) అడిగితే అరెస్టు గురించి రాయొద్దు. సీలు వేసినవి మినహా అంటే అక్కడితో ఆగండి. చెరిపేసినా చెప్పమని స్పష్టంగా ఉంటే మాత్రం దాచొద్దు. పాత తప్పుకి సీటు ఇచ్చినవాళ్ళు కూడా అబద్ధానికి లాగేసుకుంటారు. చెప్పొచ్చా, చెప్పాలా అన్న అనుమానం ఉంటే ఆ ఆర్డరు ఇప్పించిన లాయరునే, ఆ ప్రశ్న కాపీ చేసి పంపి, జవాబు రాతపూర్వకంగా అడగండి. రాసేటప్పుడు తేదీ, ఊరు, ఆరోపణ పేరు ఆర్డరులో ఉన్నట్టే, తీర్పు, ఆ తర్వాత మారిందేమిటి, ఆరేడు వాక్యాల్లో తేల్చెయ్యాలి. స్నేహితుల మీదికి నెట్టడం, షాపువాడి కెమెరాని తిట్టడం వద్దు.

సీటు వచ్చాక నేపథ్య తనిఖీ ఉంటుంది. కోర్టు చెరిపినా, అంతకుముందే ఆ రికార్డు కొనుక్కుని పెట్టుకున్న ప్రైవేటు డేటా కంపెనీల దగ్గర అది బతికే ఉండొచ్చు. అందుకే దరఖాస్తుకి ముందే మీ మీద మీరే ఒక తనిఖీ చేయించుకోవడం మేలు. మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ తరఫున జరిగే తనిఖీలో రిపోర్టు కాలేజీకి వెళ్ళేలోపు చూసుకోవడానికి మీకు 10 రోజులు ఉంటాయి. తప్పుంటే ఆ 10 రోజుల్లోనే అభ్యంతరం పెట్టాలి. దాన్ని విచారించడానికి కంపెనీకి చట్టం ఇచ్చిన గడువు మాత్రం 30 రోజులు. ఈ లెక్క ఏ ఎంక్యాట్‌లోనూ రాదు.

ఇంతటితో అయిపోలేదు. డిగ్రీ తర్వాతి శిక్షణకి పెట్టే రెసిడెన్సీ దరఖాస్తులో ఒకసారి, రాష్ట్ర లైసెన్సుకి ఒకసారి, ఆసుపత్రిలో వైద్యం చేసే అనుమతికి (ప్రివిలేజెస్) ఒకసారి, ఆ ప్రశ్న రూపం మార్చుకుని వస్తూనే ఉంటుంది. అందుకని ఆర్డరు వచ్చిన రోజే, ఫైలు కోర్టులో ఇంకా ఉండగానే, నాలుగైదు సర్టిఫైడ్ కాపీలు తీసుకుని దాచుకోండి. జిరాక్సులు కాదు, ముద్ర చేతికి గరుగ్గా తగలాలి. బద్ధకించి మూడేళ్ళ తర్వాత వెళ్ళి, "నా కేసు చెరిపేశారని రుజువు ఇవ్వండి" అని కౌంటర్లో అడిగితే, క్లర్కు కంప్యూటరులో మీ పేరు కొట్టి చూసి, తల అడ్డంగా ఊపి, "అలాంటి కేసేమీ మా దగ్గర లేదండీ" అంటుంది. పాపం, ఆ ఆర్డరుని అక్షరాలా పాటించేది ఆవిడ ఒక్కతే.