గుప్తరోగాల పోస్టరు గారికి

మహారాజశ్రీ గుప్తరోగాల పోస్టరు గారికి,

ఉభయకుశలోపరి. మొన్న బస్టాండు మూత్రశాలలో తమరి దర్శనమైంది. పాతదాని మీద కొత్తది, దాని మీద ఇంకా కొత్తది అంటించి అంటించి, గోడ కంటే తమరే మందంగా తయారయ్యారు. శీఘ్రస్కలనం, స్వప్నస్కలనం, నరాల బలహీనత... అన్నిటికీ ఒకే కోర్సు. రెండో ఆదివారం, ఫలానా లాడ్జి, ఫలానా రూము.

ముందు తమరి ధైర్యానికో దండం. లైంగిక సామర్థ్యం పెంచుతామని ప్రకటనలు వేస్తే మొదటిసారి ఆరు నెలల దాకా, మళ్లీ వేస్తే ఏడాది దాకా జైలని 1954లోనే చట్టం చేశారు. దానికిప్పుడు డెబ్భై దాటాయి. పాపం, లేవడం లేదు. మీ కోర్సు ఒకటి దానికీ ఇప్పించకూడదూ!

తమరి వైద్యంలో నాకు నచ్చింది సమానత్వం. ఎవరొచ్చినా జబ్బు నరాల బలహీనతే, కారణం చిన్నప్పటి 'చెడు అలవాటే', మందు లేహ్యమే. వంద చుక్కల రక్తం ఒక్క చుక్క వీర్యమని చెప్పి కుర్రాడికి చెమటలు పట్టిస్తారు. వీర్యంలో చాలా భాగం వీర్యకోశాల నుంచి, మూత్రాశయం కిందుండే ప్రొస్టేట్ గ్రంథి నుంచి ఊరే ద్రవమేననీ, నిద్రలో పోయినంత మాత్రాన నరాలు చచ్చుబడవనీ చెబితే మరి డబ్బా అమ్ముడుపోదాయె. ఈ భయానికి మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లోనే 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఆ పంట విత్తేదీ మీరే, కోసేదీ మీరే.

మీ లెక్కలో అరగంట నిలవనివాడు రోగి. ఐదు దేశాల్లో దాదాపు 500 జంటలకు స్టాప్‌వాచీలిచ్చి కొలిపించారు. 2005లో ఫలితం వచ్చింది. సగం మందికి 5.4 నిమిషాల్లోపే అయిపోయింది! మొదటినుంచీ ఉన్న శీఘ్రస్కలనమంటే సుమారు నిమిషంలోపు అయిపోవాలి, ఆపుకోవడం చేతకాకపోవాలి, దానివల్ల మనిషి బాధపడుతుండాలి. ఈ మూడూ ఉన్నా దారులున్నాయి: ఆపి మళ్లీ మొదలుపెట్టే అభ్యాసం, తిమ్మిరి క్రీము, డాక్టరు చూసి రాసే మాత్రలు.

అసలు తమరి పోస్టరులో చోటు దక్కనివాళ్లు వేరే ఉన్నారు. ఏళ్ల తరబడి షుగరు. సుఖం తెలుస్తుంది, బయటికి మాత్రం ఏమీ రాదు. తర్వాత పోసిన మూత్రం తెల్లగా, మబ్బుగా ఉంటుంది. మూత్రాశయం మెడ దగ్గరి కండరం బిగుసుకోక వీర్యం వెనక్కి మళ్లుతుందన్నమాట. షుగరు నరాలను దెబ్బతీయడం దీనికో కారణం. చూశారా, నరాల విషయంలో ఒక్కసారి నిజం చెప్పే అవకాశమొస్తే అదీ వదులుకున్నారు! ప్రొస్టేట్ ఆపరేషన్ వల్లా ఇలా అవుతుంది. ప్రొస్టేట్ వాపుకి వాడే టామ్సులోసిన్ వల్లా స్కలనం తేడా చేస్తుంది. వెనక్కి మళ్లుతోందో లేదో ఓ మూత్రపరీక్షతో తేలిపోతుంది. ప్రాణానికి ముప్పేం లేదు, పిల్లలు కావాలనుకుంటేనే చికిత్స. ఇక డిప్రెషన్ మాత్రలు వేసుకుని ఎంతసేపటికీ కాక అవస్థపడేవాడొస్తే, మీరు దాన్ని స్టామినా అని మెచ్చుకున్నా మెచ్చుకుంటారు.

నవ్వు రాని సంగతొకటి. 'మూలికా' మందులని అమ్మేవాటిలో చెప్పకుండా కలిపిన సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందే) పరీక్షల్లో చాలాసార్లు దొరికింది. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునే మనిషి అది మింగితే బీపీ అమాంతం పడిపోతుంది. అప్పటికి మీ డాక్టరు గారు ఇంకో ఊరి లాడ్జిలో దిగుంటారు.

అయినా మిమ్మల్నొక్కర్నే అని ఏం లాభం? మా షుగరు డాక్టరు గారు అరికాళ్లు మొద్దుబారాయా అని ప్రతిసారీ అడుగుతారు, ఈ మాట మాత్రం అడగరు. పక్కన ఆవిడ కూర్చుని ఉంటుంది, నేనూ ఎత్తను. ఊరు మొత్తంలో దీన్ని ఇంతింత అక్షరాల్లో పలికింది తమరే.

అందుకే ఒక మనవి. వచ్చే నెల పోస్టరులో అడుగునైనా 'షుగరు ఉన్నవారు ముందు యూరాలజిస్టును కలవండి' అని వేయించండి. అచ్చు ఖర్చు మేం చందాలేసుకుంటాం. రసీదుల మీద పేర్లు మాత్రం రాయకండి.

ఇట్లు,
బస్టాండులో మిమ్మల్ని ఓరకంట చదివే ఒకడు