పదమూడు నెలల పంచాంగం

మన దేశంలో ఏడాదికి పదమూడు నెలలు. నమ్మకపోతే ప్రీపెయిడ్ సిమ్ వాడే ఎవరినైనా అడగండి.

మా ఇంట్లో ఈ సంగతి మొదట కనిపెట్టింది మా నాన్నగారు. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. వంటింటి గోడకున్న క్యాలెండరే ఇప్పుడు ఆయన ఆఫీసు. పాలు పోయించుకోని రోజు సున్నా, గ్యాస్ బండ వచ్చిన రోజు 'గ్యా', ఫోన్ రీచార్జి చేయించిన రోజు 'రీ'. పోయినేడు మార్చి 5 గడిలో 'రీ' పడింది. ఏప్రిల్ 2 పొద్దున మా బాబాయికి ఫోన్ చేయబోతే కలవలేదు, లైన్లో ఎవరో అమ్మాయి రీచార్జి చేయించుకోమని చెప్పింది. తన లెక్కే తప్పిందేమోనని ఆయన పిడికిలి బిగించి మెటికల మీద నెలలు లెక్కపెట్టుకున్నారు. జనవరి మెటిక మీద, ఫిబ్రవరి గుంటలో, మార్చి మళ్లీ మెటిక మీద, అంటే ముప్పై ఒకటే.

"ఏరా, ఐదో తారీఖున కట్టిన నెల డబ్బులు ఒకటో తారీఖుకే ఎలా అయిపోతాయిరా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. చెప్పులేసుకుని సెల్ షాపుకి వెళ్లారు. ఆ షాపతను ఆయన శిష్యుడే, చక్రవడ్డీ లెక్కల దగ్గర గోడకుర్చీ వేసిన బాపతు. "మాస్టారూ, మీరు చెప్పిన నెల వేరు, కంపెనీ నెల వేరు. దీనికి ఇరవై ఎనిమిదే" అన్నాడట.

"అంటే ప్రతి నెలా ఫిబ్రవరేనా?"

"అవును మాస్టారూ. అదీ లీపు సంవత్సరం కానిది."

ఇంటికొచ్చి లెక్క వేశారు. ఇరవై ఎనిమిది పదమూళ్లు 364. ఒక్క రోజు మిగిలింది, దాన్ని మాత్రం కంపెనీ పెద్దమనసుతో మనకి వదిలేసింది. 299 రూపాయల ప్లాను పన్నెండుసార్లు వేయిస్తే 3,588, పదమూడుసార్లయితే 3,887. తేడా సరిగ్గా ఒక రీచార్జి. ఇలాంటి ఫోన్లు దేశంలో ఎన్ని కోట్లున్నాయో దాంతో గుణించుకోండి, నా క్యాలిక్యులేటర్లో అన్ని అంకెలు పట్టవు.

మన సిద్ధాంతులకి పదమూడో నెల కొత్తేమీ కాదు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు, సూర్యుడితో పోలిస్తే ఏటా పదకొండు రోజులు వెనకబడుతుంది, ఆ వెనకబాటు సర్దడానికి దాదాపు ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకోసారి అధిక మాసం వస్తుంది. 2023లో అధిక శ్రావణం అలాగే వచ్చింది. కానీ దానికో మర్యాద ఉంది. ఆ నెల్లో పెళ్లిళ్లు పెట్టుకోరు, గృహప్రవేశాలు చేయరు, జేబుకి కాస్త ఊపిరాడుతుంది. టెలికాం అధిక మాసం ఏటేటా వస్తుంది, వచ్చి జేబులోనే చెయ్యి పెడుతుంది. అమావాస్య నుంచి అమావాస్యకి రావడానికి చంద్రుడంతటి వాడికే ఇరవై తొమ్మిదిన్నర రోజులు పడుతుంటే కంపెనీ ఇరవై ఎనిమిదిలో చుట్టేస్తోంది. ఫైవ్‌జీ స్పీడంటే ఇదే కాబోలు.

ప్రభుత్వం పట్టించుకోలేదని అనకూడదు. 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ప్రతి కంపెనీ ముప్పై రోజుల ప్లాను కనీసం ఒకటైనా పెట్టి తీరాలని ఆదేశించింది. నెలంటే ముప్పై రోజులని చెప్పడానికి ఒక నియంత్రణ సంస్థ కూర్చుని ఉత్తర్వు రాయాల్సొచ్చిందంటే మా నాన్నగారి ఉద్యోగం ఎంత గొప్పదో ఇప్పుడర్థమైంది, ఆయన అదే మాట ఆరో తరగతి పిల్లలకి ఉత్తర్వు లేకుండా చెప్పేవారు. సరే, కంపెనీలు పెట్టాయి. చీరల షాపులో చవక చీర ఎక్కడుంటుందో ఆ ప్లాను యాప్‌లో అక్కడుంటుంది, అడిగితే తప్ప దించరు. ఆ తర్వాత 2024 జులైలో మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలూ ఒక రోజు అటూ ఇటూగా రేట్లు పెంచాయి, 239 ప్లాను 299 అయింది అప్పుడే. స్వేచ్ఛాపోటీ అంటే నేనింకేదో అనుకున్నాను. బరిలో దిగిన మూడు కోళ్లూ రాజీపడి చూడ్డానికొచ్చినవాణ్ణి పొడవడమన్నమాట.

అప్పట్నుంచి నాకు మిగతా గడియారాల మీద కూడా అనుమానం పట్టుకుంది. మన టైము మన చేతిలో లేదు, ఎవడి అవసరాన్ని బట్టి వాడు సాగదీస్తున్నాడు, కుదిస్తున్నాడు. కాబట్టి తిథి, వారం, నక్షత్రం చెప్పే పాత పంచాంగాన్ని ఇంక పక్కన పెట్టి కొత్తది రాయించాలని సిద్ధాంతులకి నా విన్నపం. కొంత సమాచారం నేనే సేకరించి పెట్టాను.

ముందు 'పనిదినం'. మొన్న ఆన్‌లైన్లో మిక్సీ జారు తెప్పిస్తే మూత లేకుండా వచ్చింది. నా డబ్బు అటు వెళ్లడానికి ఫోన్ టింగుమనేంత సేపు పట్టింది. ఇటు రావడానికి 'ఐదు నుంచి ఏడు పనిదినాలు'. శనివారం పనిదినం కాదట, ఆదివారం సరేసరి, సోమవారం పండగ. తీసుకునేటప్పుడు మాత్రం ఆదివారం అర్ధరాత్రి కూడా దివ్యమైన పనిదినమే. ఎనిమిదో పనిదినాన ఫోన్ చేశాను. 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అని వీణ మొదలైంది. స్పీకర్లో పెట్టి పక్కనే కూర్చుని అరకిలో చిక్కుడుకాయలు ఈనెలు తీసి, తుంచి, కడిగాను. వీణ ఆగలేదు. వెల్లుల్లి కూడా ఒలిచాను. అప్పుడొచ్చిందో అమ్మాయి, ఎంతో మర్యాదగా, "సార్, మీ సమస్య అర్థమైంది, నలభై ఎనిమిది గంటల్లో మా టీమ్ మిమ్మల్ని సంప్రదిస్తుంది" అంది. ఆ అమ్మాయిని ఏమీ అనలేం, తన గడియారమూ తన చేతిలో ఉండదు. ఫోన్ పెట్టిన మూడో సెకనులో మెసేజ్: మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు? దీనికి పనిదినాలు అక్కర్లేదు.

ఇక ముహూర్తాలు. రాజకీయాల్లో శంకుస్థాపనకి ఎప్పుడూ శుభలగ్నమే, గృహప్రవేశానికే ఎప్పుడూ మూఢం. కడప ఉక్కు ఫ్యాక్టరీని తీసుకోండి. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో (ఇక్కడా పదమూడే, నేను కల్పించలేదు) కొత్త రాష్ట్రం ఏర్పడ్డ ఆరు నెలల్లోగా అక్కడ ఉక్కు కర్మాగారం పెట్టడానికి సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. 'పెట్టాలి' అనలేదు, 'పరిశీలించాలి' అన్నారు. ఆ వాక్యం రాసిన అధికారి ఎవరో ఉయ్యాల ఊపడం బాగా తెలిసినవాడు. తెలంగాణ మిత్రులు నవ్వక్కర్లేదు, అదే షెడ్యూల్లో ఖమ్మానికీ అవే ఆరు నెలలు. కడపకైతే చట్టానికి ముందే 2007లో ఒక శంకుస్థాపన, తర్వాత 2018 డిసెంబరులో ఒకటి, దాదాపు ఏడాదికి 2019 డిసెంబరులో ఇంకొకటి, 2023 ఫిబ్రవరిలో మరొకటి. కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ, ఇందులో పార్టీ భేదం ఏమీ లేదు, చేతులు మారాయి గానీ తాపీ అదే. నాలుగో కొబ్బరికాయ కొట్టేనాటికి అక్కణ్ణుంచి ఒక్క కిలో ఉక్కు బయటికి రాలేదు. ఆ శిలాఫలకాలన్నీ పేర్చుకుంటూ వచ్చినా ఈపాటికి ప్రహరీ గోడ లేచేది.

టీవీ వాళ్ల కొలత 'మరికాసేపట్లో'. ఇది ఎంతసేపో బ్రహ్మకి కూడా తెలియదు. మరికాసేపట్లో సంచలన ప్రకటన అని సాయంత్రం ఆరింటికి మొదలుపెడతారు, ఏడింటికి మంత్రిగారి కారు గేటు దాటడం చూపిస్తారు, ఎనిమిదింటికి అదే గేటు, ఈసారి ఎర్ర వలయం గీసి. మధ్యలో 'చిన్న విరామం'. ప్రకటనలు గంటకి పన్నెండు నిమిషాలు దాటకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో ఉందని నేనంటే, మా నాన్నగారు హెచ్ఎంటీ వాచీ పెట్టుకుని కొలవడానికి కూర్చున్నారు. పన్నెండు దాటాక, బీపీ మాత్ర వేసుకునే టైమైందని లేచిపోయారు.

పాత సంగతొకటి. 2016 నవంబరులో 2000 నోటు వచ్చినప్పుడు అందులో చిప్ ఉందని, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహం పట్టేస్తుందని కొన్ని చానెళ్లు బొమ్మలు గీసి మరీ చూపించాయి. మా వీధిలో ఒకాయన నోటుని దీపం ముందు పెట్టి చిప్ వెతికాడు, నేనూ పక్కనుండి చూశాను, అబద్ధమెందుకు. 2023 మే 19న ఆ నోటునే రిజర్వు బ్యాంకు ఉపసంహరించింది. చిప్ వార్తకి సవరణ కోసం నేనింకా చూస్తున్నాను. మరికాసేపట్లో వస్తుందేమో.

షాపింగ్ యాప్‌లది ఇందుకు తిరగేసిన కొలత, అక్కడ కాలం పరుగెడుతుంది. 'ఆఫర్ ముగియడానికి 09:58 మాత్రమే' అని ఎర్ర అంకెలు గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంటే, అవసరం లేని ఎయిర్ ఫ్రయ్యర్ మీద నా వేలు వణికింది. కరెంటు పోయి వైఫై ఆగింది కాబట్టి బతికిపోయాను. మళ్లీ వచ్చాక తెరిస్తే మళ్లీ 10:00 నుంచి మొదలైంది, పరీక్షిత్తు మహారాజుకి కూడా ఇంత వెసులుబాటు దొరకలేదు. ఇలాంటి మాయలన్నిటికీ కేంద్రం 2023 నవంబరు 30న పేర్లు పెట్టి ఒక జాబితా ప్రకటించింది, ఈ తప్పుడు తొందర కూడా అందులో ఉంది. మొత్తం ఎన్ని రకాలో చెప్పమంటారా? పదమూడు.

ఈ ఏడు కొత్త క్యాలెండరు తెచ్చాక మా నాన్నగారు డిసెంబరు వెనక ఒక తెల్ల కాగితం అతికించారు. స్కేలు పెట్టి ఇరవై ఎనిమిది గళ్లు గీశారు, మొదటి గడిలో 'రీ' రాశారు. మిగతావి ఖాళీగా ఉన్నాయి కదా, నా మిక్సీ జారు డబ్బులొచ్చే తేదీ ఒక గడిలో రాసుకుంటానన్నాను. జేబులో పెన్ను ఉంచుకుని, డ్రాయరు వెతికి పెన్సిలిచ్చారు.